ఎడమ కాళ్లు నీకు, కుడి కాళ్లు నాకు

పోయిన వారం మనం ఆమెను వదిలిపెట్టేసరికి ఆమె చేతిలో పెన్ను ఉంది. పెన్ను మొనకీ కాగితానికీ మధ్య వెంట్రుకవాసి దూరం ఉంది.

ఆ వెంట్రుకవాసి దగ్గరికి ఆమె ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఊళ్లో అందరూ ఆమెను అచ్చులమ్మ అంటారు. బజార్లో దొరికే చెప్పులు పట్టని కాళ్లుంటాయి. వంకర పాదాలు, వాచిన పాదాలు, ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ అయిన కాళ్లు. వాటికి బూట్లు చేసే దుకాణం ఆమెది. ఆమెదీ, ఆమె మొగుడిదీ. వచ్చిన ప్రతి మనిషి కాలికీ ఆమె చెక్కతో ఒక జత అచ్చు చెక్కుతుంది. ఆ అచ్చు మీద తోలు సాగదీసి బూటు కుడతారు. అచ్చు అల్మారాలో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ఇంకో దుకాణం గడప తొక్కడు. మొగుడు ముందు గదిలో అద్దాల వెనక ఇస్త్రీ చొక్కాతో నిలబడి వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడతాడు. అందుకే పనివాళ్లు అతనికి షోకేసు అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఇద్దరూ విడిపోతున్నారు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించింది ఇద్దరికీ సమానంగా పంచాలంది కోర్టు. పంచడానికి ఏముందో ప్రమాణం చేసి చెప్పమంది. షోకేసు ప్రమాణం చేశాడు. ఇల్లు తాకట్టులో పోయింది. రెడీమేడ్ దెబ్బకు దుకాణం మూతపడింది. అచ్చులను చెదలు తినేశాయి, ఊరవతల పారబోయించాను. మిగిలింది పాత మిషన్లు, బల్లలు, బూజు. సగం ఆమెకు, సగం నాకు.

అచ్చుల్లేని చెప్పుల దుకాణం పిల్లల్లేని బడి లాంటిది. ఇంక దేని కోసం కొట్లాడాలి? చెదలు తిన్నాయని విన్న రోజు ఆమె తన అద్దె గదిలో పొయ్యి వెలిగించలేదు. ఎవరో పోయినట్టే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ నీరసంతోనే ఇవాళ ఒప్పంద కాగితం మీద సంతకానికి పెన్ను పట్టుకుంది.

"పెట్టేయండమ్మా," అన్నాడు షోకేసు తరఫు లాయరు, కోటు మీది దుమ్ము దులుపుకుంటూ. "చచ్చినదాన్ని ఎంతసేపని పంచుకుంటాం?"

అందరూ కూర్చున్నది ఆ చచ్చిన దుకాణంలోనే. ఆమెను వెళ్లగొట్టినప్పుడే షోకేసు తాళం మార్చాడు. మళ్లీ ఇవాళే, సామాన్లు చూసి పంచుకునే వంకతో, షట్టరు సగం ఎత్తారు. సగం వెలుతురే లోపలికి వస్తోంది. ఆ వెలుతురులో తోలు కోసే బల్ల, దాని మీద ఏళ్లనాటి కత్తి గాట్లు. గోడల నిండా ఖాళీ అల్మారాలు. అచ్చులు ఉన్నచోట దుమ్ము పట్టని మచ్చలు వరసగా, పళ్లూడిన చిగుళ్లలా ఉన్నాయి. ధర కట్టడానికి వచ్చిన మనిషి ఒక్కో వస్తువు మీదా చీటీ అంటించి పెట్టాడు.

"పెట్టెయ్ అమ్మాయ్," అంది వదిన. వదినంటే షోకేసు అక్క. పొద్దుటి నుంచీ పిలవని పేరంటానికి వచ్చినట్టు ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. "వాడికి మాత్రం ఏం మిగిలింది చెప్పు? కూతురి చదువు వాడి నెత్తినే కదా ఉంది. అది హాస్టల్లో ఫోన్ పోగొట్టుకుంటే ఇంకోటి కొనివ్వడానికి కూడా వీడి దగ్గర లేదు. నీకేం, ఒక్కదానివి."

"మీరు కాస్త ఆగండి," అంది అచ్చులమ్మ తరఫు లాయరమ్మ. చిన్నపిల్ల, ఆమెకు ఇది మూడో నాలుగో కేసు. "అక్కా, ఈ మాట ఇంకోసారి చదువు. ఈ వ్యాపారం మీద గానీ, దీని ఖాతాదార్ల మీద గానీ ఇకపై భార్యకు ఏ హక్కూ ఉండదు అని రాశారు. లేని వ్యాపారానికి ఈ ముక్క ఎందుకో నాకు అర్థం కావట్లేదు."

"లాంఛనం," అన్నాడు కోటు లాయరు.

"చదివాను చెల్లీ," అంది అచ్చులమ్మ. గొంతులో జీవం లేదు. "లేనిదాని మీద హక్కు ఉంటే ఎంత, పోతే ఎంత?"

పెన్ను కాగితానికి ఆనింది.

దబదబా షట్టరు మోగింది.

సగం ఎత్తిన షట్టరు కింద నుంచి మొదట ఒక కాలు వచ్చింది. దానికి తెల్ల బూటు ఉంది. తర్వాత రెండో కాలు వచ్చింది. దానికి మేజోడు మాత్రమే ఉంది. ఆ రెండో బూటు చేతిలో పట్టుకుని, నడుం వంచి, ఆయాసపడుతూ ఒక భారీ మనిషి లోపలికి వచ్చింది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. పొద్దున్న డ్యూటీ ఎక్కితే సాయంత్రం దాకా నిలబడే మనిషి. ఆమె కాళ్లకు అచ్చులమ్మ తప్ప ఇంకెవరూ బూటు కుట్టి ఎరగరు.

"షట్టరు లేచింది కదా అని వచ్చాను. ఎవరున్నారయ్యా లోపల?" అని చుట్టూ చూసి, అచ్చులమ్మ మీద చూపు నిలిపి, నర్సమ్మ నోరు తెరిచింది. "ఇక్కడే ఉన్నావా తల్లీ? మంచం మీద ఉన్నావు, లేవలేకపోతున్నావు అన్నారే! గుండ్రాయిలా ఉన్నావు!"

"నేనా? మంచం మీదా? ఎవరన్నారు?"

"ఆ సంగతి తర్వాత. ముందు దీని సంగతి చెప్పు." చేతిలో బూటును బల్ల మీద, సరిగ్గా ఒప్పంద కాగితం మీద, ఠపీమని పెట్టింది. "దీన్ని బూటంటారా, ఎలకల బోనంటారా? ఇన్నేళ్లు నీ దగ్గర కుట్టించుకున్నాను. ఒక్కరోజు నొప్పి అన్నానా? ఇది వేసుకుని వార్డు చుట్టి వచ్చేసరికి, మంచం మీది రోగులు లేచి 'సిస్టర్, మీరు పడుకోండి' అంటున్నారు!"

అచ్చులమ్మ బూటు తీసుకుంది. లోపల వేళ్లు పెట్టింది. కుట్టు మీద గోరు పోనిచ్చింది. ముఖంలో అప్పటిదాకా లేని రంగు రావడం లాయరమ్మ చూసింది.

"ఇది నేను కుట్టలేదు."

"మరెవరు? మీ ఆయనే కదా ఇచ్చింది! ఆసుపత్రికి వచ్చి మరీ ఇచ్చి వెళ్లాడు, మర్యాదస్తుడు. ఆ మర్యాదస్తుడే తర్వాత నేనెన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు."

అన్ని తలలూ షోకేసు వైపు తిరిగాయి. అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"పాత స్టాకు," అన్నాడు. "దుకాణం మూసేటప్పుడు మిగిలిపోయినవి. ఊరికే పారేయడం ఎందుకని ఇచ్చాను."

"పాత స్టాకా?" నర్సమ్మ ఒంటికాలి మీద లేచింది. నిజంగానే ఒంటికాలి మీద, రెండోది నేల మీద ఆనడం లేదు మరి. "ఏమయ్యా, నా చెవిలో పువ్వు కనబడుతోందా నీకు? మా ఆసుపత్రిలో అందరూ తెల్ల బూట్లే వేసుకోవాలని రూలు పెట్టిందే మొన్న మొన్న. అంతకుముందు నల్లవే. రూలు రాకముందే నా కోసం తెల్లవి కుట్టి దాచావా? జోస్యం కూడా చెప్తావా నువ్వు?"

కోటు లాయరు దగ్గాడు. "ఇది మనకు సంబంధం లేని విషయం..."

"ఒక్క నిమిషం," అంది అచ్చులమ్మ. ఆ గొంతు విని అతను ఆగిపోయాడు. ఇందాకటి నీరసం ఎక్కడికి పోయిందో తెలియదు. "నర్సమ్మా, మడమ దగ్గర ఎలా ఉంది?"

"మడమా? మడమ బంగారం."

"పాదం కింద వంపు?"

"అదీ బాగానే కూర్చుంది."

"వేళ్ల చివర?"

"అక్కడేం లేదు. ఈ బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చింది చూడు, ఈ గుబ్బ దగ్గర ప్రాణాలు తోడేస్తోంది."

అచ్చులమ్మ లేచింది. బల్ల కింద సొరుగు లాగింది. ధర కట్టే మనిషి దాని మీద అంటించిన చీటీలో 'తోలు ముక్కలు, చెత్త' అని ఉంది. ఆ చెత్తలోంచి వేలితో వెతికి అర్ధచంద్రం లాంటి ఒక తోలు బిళ్ల తీసింది. వంగి నర్సమ్మ పాదం తన మోకాలి మీద పెట్టుకుని ఆ బిళ్లను గుబ్బ మీద ఆనించింది. కొలిచినట్టు సరిపోయింది.

"కాళ్లు ఏడాదికోలా మారతాయి," అంది, ఎవరి వైపూ చూడకుండా. "చెక్కను ప్రతిసారీ మార్చలేం. అందుకని అచ్చు వేరుగా, ఈ బిళ్లలు వేరుగా ఉంచుతాను. బూటు కుట్టేటప్పుడు అచ్చు మీద అంటిస్తాను. అయిపోయాక తీసేస్తాను. బిళ్లతో కుడితే గుబ్బకు చోటు ఉంటుంది. బిళ్ల లేకుండా కుడితే ఇదిగో, ఇలా." బూటు ఎత్తి చూపించింది. "ఇది నర్సమ్మ అచ్చు మీదే కుట్టారు. మడమ ఆమెదే. వంపు ఆమెదే. గుబ్బ ఒక్కటే లేదు. ఎందుకంటే అచ్చులు ఎత్తుకుపోయినవాడికి ఈ సొరుగులో ఉన్నది ఏమిటో తెలీదు. ఇన్నేళ్లు ముందు గదిలో నిలబడ్డవాడు వెనక గదిలోకి ఒక్కసారి తొంగి చూస్తే తెలిసేది."

తల ఎత్తింది. ఇన్నేళ్లలో 'ఏమండీ' తప్ప ఇంకో పిలుపు ఎరగని నోటి నుంచి మొదటిసారి ఆ మాట వచ్చింది.

"నువ్వు. నిన్నే అడుగుతున్నాను. చెదలు తిన్న అచ్చు మీద బూటు ఎలా కుట్టావు?"

షోకేసు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏదో ఒకటీ అరా మిగిలి ఉంటాయి..."

"ఒకటీ అరానా?" నర్సమ్మ అందుకుంది. "మా ఎక్స్‌రే ఆయన కుంటుతున్నాడు. ఎదురింటి డ్రాయింగు మాస్టారు కుంటుతున్నాడు. నిన్న మాస్టారు కాలి నొప్పికి ఆసుపత్రికి వస్తే, లిఫ్టు దగ్గర ముగ్గురం ఒకరినొకరు చూసుకుని, ఊళ్లో కొత్త జబ్బేదో వచ్చిందనుకున్నాం! అందరికీ ఒకటే మాట చెప్పాడమ్మా మీ ఆయన. దుకాణం మారింది, మా ఆవిడ మంచం పట్టింది, అయినా మీ కోసం పడుకునే కుడుతోంది అని. నేను పిచ్చిదాన్ని, నీ కోసం దేవుడికి కూడా మొక్కుకున్నాను. ఇంక ఆ వాసన! బూట్లు విప్పితే ఇల్లంతా రంగు కంపు. రంగు డబ్బాలో ముంచి తీశారా వీటిని?"

"ఏయ్, నోరు అదుపులో పెట్టుకో!" వదిన స్టూలు మీంచి లేచింది. "రంగు డబ్బాలన్నీ ఎప్పుడో తీయించేశాను. నేల ఫినాయిలుతో కడిగించి మరీ ఇచ్చాను షెడ్డు. మా షెడ్డు నీ ఆసుపత్రి కన్నా శుభ్రంగా ఉంది!"

నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఇక్కడ షెడ్డంత మాట ఒక్క క్షణం కూడా నానలేదు. వదిన చేత్తో నోరు మూసుకుంది. షోకేసు కళ్లు మూసుకున్నాడు. కోటు లాయరు చేతిలో ఉన్న కాగితాలను సర్దడం మొదలుపెట్టాడు.

వదిన మొగుడు బతికున్న రోజుల్లో రంగుల వ్యాపారం చేసేవాడు. ఇంటి వెనక అతని సరుకు షెడ్డు ఇంకా ఉంది. ఆ సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు. అచ్చులమ్మకు ఇంకా బాగా తెలుసు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ షెడ్డు వసారాలో కూర్చునే ఆమె మొదటి అచ్చు చెక్కింది.

ఆమె ఒప్పంద కాగితం మీద చెయ్యి వేసింది. రెండు చేతులతో పట్టుకుంది.

"చింపకక్కా!" లాయరమ్మ గబుక్కున లాక్కుంది. "బంగారం ఇది. చచ్చిన వ్యాపారం మీద నీ హక్కులు వదులుకోమని వీళ్లే రాసి తెచ్చారు. పక్కన ఈ బూటు పెట్టి చూపిస్తే చాలు. నేను ఇటునించి ఇటే కోర్టుకు వెళ్తాను. ఆ షెడ్డులో ఉన్నది ఉన్నట్టు రాసుకురావడానికి మనిషిని పంపమని అడుగుతాను. రేపటికల్లా..."

"రేపటికల్లా అక్కడ చీపురుపుల్ల కూడా ఉండదు చెల్లీ." అచ్చులమ్మ అప్పటికే షట్టరు దగ్గరుంది. "నేను వెళ్తున్నాను."

"తాళం వేసుంటే పగలగొట్టొద్దు. తీసుంటే లోపలికి వెళ్లు, అవి నీవి కూడా. కానీ ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. ఫోన్‌లో ఫోటోలు తియ్యి, వీడియో తియ్యి. తిట్టాలనిపిస్తే..."

"తిట్టొచ్చా?"

"అది నేను వినలేదు," అంది లాయరమ్మ.

షోకేసు కారు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. నర్సమ్మ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో అప్పటికే స్కూటరు స్టార్టు చేసింది.

"ఎక్కు తల్లీ. సందుల్లో కారు పట్టదు."

దారంతా అచ్చులమ్మ కోపంతో రగిలిపోతూనే ఉంది. అతను దాచింది ఆమెను అంతగా కాల్చడం లేదు. దాచే మొగుళ్లు ఊరికి వందమంది ఉంటారు. ఏడిపించడమే కాలుస్తోంది. చెదలని చెప్పినప్పుడు ఆమె అతని ముందే, ఆ కోటు లాయరు ముందే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు షోకేసు ఒక గ్లాసు మంచినీళ్లు అందించాడు. "ఊరుకో, ప్రాణం కన్నా ఎక్కువా?" అన్నాడు. ఆ నీళ్లు ఆమె తాగింది కూడా.

చెదలట! అచ్చులను తిన్న చెదలు, అవి పెట్టిన అల్మారాను మర్యాదగా వదిలేశాయట! అడిగితే అల్మారాకు వార్నీషు ఉంది కాబట్టి అన్నాడు. అన్నప్పుడు నమ్మింది. నమ్మినందుకు తన చెంప తనే వాయించుకోవాలన్నంత మండింది.

వదిన ఇంటి పక్క సందులోంచి పెరటి వైపు తిరిగారు. షెడ్డు రేకు తలుపు దగ్గరగా వేసి ఉంది. తాళం లేదు. నర్సమ్మ భుజంతో ఒక్కటి ఇచ్చింది. తలుపు ఏడుస్తూ తెరుచుకుంది.

మూడు గోడలకీ కొత్త అల్మారాలు. వాటి నిండా అచ్చులు.

చెదలు కాదు, గీత కూడా పడలేదు. జతలు జతలుగా, దారంతో కట్టి, ఆమె కట్టిన ముడి ముడిలానే ఉంది. డ్రాయింగు మాస్టారి చదును పాదాలు. పెళ్లికి ముందు ఒక్కసారైనా హైహీల్సు వేసుకోవాలని ఏడ్చిన పోలియో పిల్ల సన్నటి కాలు. చనిపోయినా తీసేయడానికి మనసొప్పని ముసలి బస్సు డ్రైవరు పెద్ద పాదాలు. ఒక మూల కొత్త కుట్టుమిషన్లు రెండు, ఇంకా అట్టపెట్టె కూడా పూర్తిగా విప్పనివి. గోడకు ఆనించి ఒక కొత్త బోర్డు ఉంది. దాని మీద దుకాణం పేరు అదే. కింద 'ప్రొప్రైటర్' అన్నచోట ఒక్క పేరే ఉంది.

అచ్చులమ్మ ముట్టుకోలేదు. ముట్టుకోవాలని వేళ్లు పీకుతుంటే ఆ చేతులతో ఫోన్ పట్టుకుంది. వీడియో మొదలుపెట్టింది.

"ఆపు!"

షోకేసు తలుపులో నిలబడి ఉన్నాడు. ఆమె ఎరిగినప్పటి నుంచీ మొదటిసారి అతని చొక్కా నలిగి ఉంది.

"ఆపనా? ఎందుకు, చెదలు సిగ్గుపడతాయా?"

"ఏం చేసుకుంటావే వీటితో?" అతను ఇంక దాచుకోదలచుకోలేదు. "నువ్వు చెక్కావు. సరే. చెక్కి వెనక గదిలో కూర్చున్నావు. వచ్చినవాడికి నమస్కారం పెట్టింది ఎవరు? బ్యాంకుకు కాళ్లరిగేలా తిరిగింది ఎవరు? ఒక్కొక్కడి ఇంటికి వెళ్లి 'మా దగ్గర కుట్టించుకోండి' అని బతిమాలింది ఎవరు? నేను లేకపోతే నీ చెక్క కాళ్లు పొయ్యిలోకి కూడా పనికిరావు!"

"నిజమే," అంది ఆమె.

అతను ఆగిపోయాడు. నర్సమ్మ కూడా బిత్తరపోయి చూసింది.

"నువ్వు తిరిగావు. నిజం. అప్పు తెచ్చావు, నిజం. అందుకే సగం అన్నాను. ఏనాడైనా మొత్తం నాదన్నానా? నీ సగం నీదేనని కోర్టులో మొదటి రోజే చెప్పాను. నువ్వే, నా సగం చెదలు తిన్నాయన్నావు. పైగా దాని చావుకు నన్ను ఏడిపించావు. మంచినీళ్లు కూడా ఇచ్చావు, దొంగవెధవా!"

ఆ చివరి మాట షెడ్డు రేకులకు తగిలి మోగింది. నర్సమ్మ "శభాష్" అంది.

షోకేసు ముఖం ఎర్రబడింది. రెండు అంగల్లో అల్మారా దగ్గరికి వెళ్లి ఒక జత లాగాడు. ముడి తెంపాడు.

"సగం కావాలి కదా నీకు? సగం! తీసుకో!" ఎడమ పాదం అచ్చు ఆమె కాళ్ల ముందు పడింది. కుడి పాదం అతను వెనక్కి విసిరాడు. ఇంకో జత. ఇంకో ముడి. "ఎడమ కాళ్లు నీకు, కుడి కాళ్లు నాకు! కోర్టు చెప్పినట్టే, సమానంగా! పో, ఎడమ కాళ్లకు బూట్లు కుట్టుకుని బతుకు!"

"నీ బుద్ధి తగలెయ్య!" నర్సమ్మ మీదికి పోబోయింది. అచ్చులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకో చేతిలో ఫోన్ కదలకుండా ఉంది.

"ఆపకు నర్సమ్మా. వెయ్యనీ. కానీ, వెయ్యి. ఇంకోటి వెయ్యి. చెదలు తిన్న అచ్చులు గాల్లో ఎలా ఎగురుతున్నాయో జడ్జిగారు కూడా చూడాలి. ఇటు చూసి వెయ్యి, నీ మొహం సరిగ్గా పడట్లేదు. షోకేసులో నిలబడ్డవాడివి, మొహం ఎలా చూపించాలో నీకు చెప్పాలా?"

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ చేతిలో ఇంకో ఎడమ అచ్చు ఉంది. అతను దాన్ని మెల్లగా దించాడు. కోపమంతా దిగిపోయి, ముఖంలో లెక్కలు మొదలయ్యాయి. కాసేపటికి కాళ్లబేరానికి వస్తాడని ఆమెకు తెలుసు. అతని ప్రతి మెట్టూ ఆమెకు తెలుసు.

అప్పుడు ఆమె చూపు ఆ అచ్చు మీద పడింది.

అది ఆమె చెక్కింది కాదు.

చెక్క కొత్తది. ఇంకా తెల్లగా ఉంది. పసిపిల్ల పాదం. కొత్త ఖాతా. అంటే వీళ్లు పాతవాటి మీద కుట్టడంతో ఆగలేదు, కొత్త అచ్చులు కూడా చెక్కిస్తున్నారు. ఈ ఊళ్లో ఆ పని వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. షోకేసుకు ఉలి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు.

"అది ఇలా ఇవ్వు."

"ముట్టుకోకూడదని మీ లాయరు..."

"ఇవ్వు."

లాక్కుంది. మడమ మీద వేలు పెట్టింది. ఎవరైనా మడమను పై నుంచి కిందికి చెక్కుతారు. ఇది కింది నుంచి పైకి, చివర చిన్న మెలికతో తేల్చి ఉంది. అలా చెక్కితే పిల్లల మడమ ఒరుసుకోదు. ఆ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు. ఆమె స్వయంగా, ఎన్నో అచ్చులు పాడు చేసుకుని కనిపెట్టుకున్నది. ఈ లోకంలో ఇంకొక్కరికే నేర్పింది, పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని.

"ఇది ఎవరు చెక్కారు?"

"పనివాడు."

"ఏ పనివాడు? పేరు చెప్పు."

షోకేసు ముఖంలో నెత్తురు చుక్క లేదు. షెడ్డు సంగతి బయటపడ్డప్పుడు కూడా అతను ఇలా లేడు. కోర్టుకు భయపడనివాడు, కోపానికి భయపడనివాడు, ఇప్పుడు భయపడుతున్నాడు. అతని కళ్లు తెలియకుండానే షెడ్డు వెనక వైపుకు వెళ్లాయి. అక్కడ ఒక రేకు అడ్డం ఉంది. దాని వెనక నుంచి ఆకురాయి గీస్తున్న చప్పుడు వస్తోంది. లోపలికి అడుగు పెట్టినప్పటి నుంచీ వస్తూనే ఉంది. ఇల్లంటే ఆ చప్పుడు ఉండాల్సిందే కాబట్టి ఇంతసేపూ ఆమె చెవికి ఎక్కలేదు.

చప్పుడు ఆగింది.

"బయటికి రాకు!" అని అరిచాడు షోకేసు. ఆ అరుపు అచ్చులమ్మ మీద కాదు.

రేకు పక్కకు జరిగింది. జుట్టు నిండా చెక్కపొడి, నడుముకు తోలు గుడ్డ, చెవులకు పాటల తీగలు. హాస్టల్లో పరీక్షలకు చదువుకుంటోందని, ఫోన్ పోగొట్టుకుందని, అమ్మ మీద కోపంగా ఉందని ఇన్నాళ్లూ విన్న కూతురు, చేతిలో ఆకురాయితో నిలబడి ఉంది. చెవుల్లోంచి తీగలు లాగేసింది. నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఎడమ కాళ్లను చూసింది. తండ్రిని చూసింది. తర్వాత తల్లిని. ఆ కళ్లలో కోపం లేదు. ఎన్నాళ్లగానో తలుపు వైపే చూస్తున్నవాళ్ల కళ్లు అవి.

"సంతకం అయ్యేదాకా నా మొహం చూడనన్నావట కదమ్మా," అంది. "అయిపోయిందా?"